గడప దగ్గర తీసిన దుమ్ము

ముందుగా ఒక ఫిర్యాదు. ఈమధ్య నా ఫోను ఎండ ఎంతుందో చెప్పి ఊరుకోవడం లేదు. ముప్ఫై మూడు డిగ్రీలు అంటుంది, దాని కిందే "నలభై ఒకటిలా అనిపిస్తుంది" అంటుంది. విశాఖపట్నంలో మే నెలలో చెమట పోస్తుందని తెలుసుకోవడానికి నాకు ఫోను అక్కర్లేదు, బనీను చాలు. కానీ నాకేమనిపిస్తోందో నా జేబులో ఉన్న వస్తువు నాకు చెప్పడం మర్యాదగా లేదు. అంకె చెప్పడం దాని పని. అనిపించడం నా పని.

మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది. కావచ్చు. అంకె పక్కన ఎవరైనా ఒక మాట చేరిస్తే నాకు ఒంట్లో ఎలాగో ఉంటుంది. దానికి కారణం ఉంది, అది చెబుదామనే ఈ రాత. ల్యాబుల్లో కొత్తగా చేరి, రిపోర్టు అడుగున "రిమార్కులు" అనే ఖాళీ గడి చూడగానే చేతులు దురద పెట్టే పిల్లలెవరైనా చదివితే మంచిది.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ముప్ఫై ఏళ్ళు దుమ్ము తూచాను. గొప్పగా చెప్పుకునే ఉద్యోగం కాదు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే మా నాన్న గంభీరంగా "పర్యావరణం" అన్నాడు. అవతలివాళ్ళు ఇంకేమీ అడగలేదు. మా ల్యాబు గోపాలపట్నంలో ఒక టైర్ల దుకాణం మీది మేడ. ఫ్యాక్టరీల వాళ్ళు పిలిస్తే వెళ్ళి గాలి పట్టి, నీళ్ళు పట్టి, వాటిలో ఏవి ఎంతున్నాయో రాసిచ్చేవాళ్ళం. గోదావరి జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన యజమాని. నేను కెమిస్టుని. యంత్రాలు భుజానేసుకుని మేడలూ నిచ్చెనలూ ఎక్కి గాలి పట్టుకొచ్చేవాడు ఇంకొకడు. వాడిది విజయనగరం వైపు రైతు కుటుంబం. నన్ను బావ అనేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఈ ఊళ్ళో బావ కావడానికి చుట్టరికం అక్కర్లేదు, కలిసి రెండుసార్లు టీ తాగితే చాలు. ఆ లెక్కన వాడి భార్యకి నేను అన్నయ్యని.

వాళ్ళకి ఒక్కతే పాప. ఇది జరిగింది రెండువేల సంవత్సరం దాటిన మొదటి ఐదారేళ్ళలో. అప్పటికి పాపకి ఐదేళ్ళు. మాటల్లేవు. పిలిస్తే చూసేది కాదు, హారన్ మోగితే మాత్రం చెవులు మూసుకుని నేలమీద కూలబడిపోయేది. ఊళ్ళో ఉన్న డాక్టర్లందరినీ చూశాక ఒకాయన ఆటిజం అన్నాడు. మావాడు ఆ మాట సిగరెట్ పెట్టె అట్ట మీద రాయించుకుని వచ్చి నాకు చూపించాడు.

"దీన్ని తెలుగులో ఏటంటారు బావా?"

నాకు తెలీదు. ఎమ్మెస్సీలో చెప్పలేదు.

ద్వారకా నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, రెండో అంతస్తులో ఇలాంటి పిల్లల కోసం ఒక టీచరమ్మ చిన్న కేంద్రం నడిపేది. పన్నెండు మంది పిల్లలకే చోటు. బయట వరసలో ఉన్నవాళ్ళు చాలామంది. రెండు నెలలు వరసగా రాకపోతే సీటు తరవాతి వాళ్ళకిచ్చేస్తారు. క్రూరమైన నియమంలా ఉంటుంది గానీ, వరసలో నిలబడ్డవాళ్ళకి అలా అనిపించదు. మావాళ్ళు ఏడాది పైన ఎదురుచూశాక పాపకి సీటు దొరికింది. చేరిన మూడో నెలలో ఒకరోజు పాప టీచరమ్మ చెయ్యి పట్టుకు లాగి "దా" అంది. ఒక్క అక్షరం. మర్నాడు మావాడు ల్యాబుకి జిలేబీ తెచ్చాడు. పెద్దాయన షుగరుండి కూడా రెండు తిన్నాడు.

పాప లోపల ఉన్న రెండు గంటలూ తల్లులు మెట్లమీద కూర్చునేవాళ్ళు. మావాడి భార్య డిగ్రీ రెండో ఏడు దాకా చదివింది, ఊరికే కూర్చోలేని మనిషి. కింద అంతస్తులో ఇంటర్నెట్ సెంటరు ఉండేది. అక్కడ ఆమెకి ఆటిజం పిల్లల తల్లిదండ్రుల గుంపొకటి దొరికింది. అందరూ తెలుగువాళ్ళే. విశాఖ వాళ్ళు, హైదరాబాదు వాళ్ళు, దేశాలు దాటిన వాళ్ళు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్ళు. మొదట్లో పిల్లలకి అన్నం ఎలా తినిపించాలి, జుట్టు ఎలా కత్తిరించాలి అని మాట్లాడుకున్నారట. తరవాత ఎవరో, "అసలు ఇది మన పిల్లలకి ఎందుకొచ్చింది?" అని అడిగారు. ఆ రోజు నుంచి అన్నం సంగతి వెనకబడింది.

పార్టీలు పుట్టాయి. టీకాల వల్ల అన్నవాళ్ళు ఒక పార్టీ. పాలు, గోధుమలు మానిపించమన్న వాళ్ళు ఇంకొకటి. చేపల్లో పాదరసం ఉందన్న వాళ్ళు, పుట్టుకతోనే వస్తుందన్న వాళ్ళు. మావాడు అప్పుడప్పుడు కాగితాల మీద అచ్చు తీయించి నాకు చదివి వినిపించమని ఇచ్చేవాడు. ఒకాయన అన్నీ పెద్దక్షరాలతో రాసేవాడు, అంటే అరుస్తున్నట్టు లెక్కట. "మీరు డాక్టరా?" అని ఒకావిడ. "కాదు, తండ్రిని." "తండ్రయితే మీకేం తెలుసు?" అని మళ్ళీ ఆవిడే. నవ్వొచ్చేది. ఆ రాతలు అర్ధరాత్రి రెండింటికీ మూడింటికీ రాసినవని కాగితం మీద టైము చూశాక నవ్వు ఆగిపోయేది.

మావాడి భార్యది దుమ్ము పార్టీ. ఆమెని తప్పు పట్టలేను. వాళ్ళిల్లు రేవు వైపు. ఉదయం ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు చీర. ఆ దుమ్ము ఎక్కడిదంటే ఎవరూ మాది అనరు. దుమ్ము మంచిదని నేనిప్పుడు కూడా అనను, ముప్ఫై ఏళ్ళు దాని ముఖం చూశాను. కానీ ఆమెకి కావలసింది మంచిదా చెడ్డదా అన్నది కాదు. పాప ఇలా ఎందుకుందో కావాలి.

ఒకరోజు మావాడు అడిగాడు.

"బావా, మనం ఊరందరి దుమ్మూ సూత్తన్నాం గదా. మా ఇంటిదో పాలి సూడకూడదేటి?"

చూస్తానన్నాను. ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ఇంట్లో దుమ్ములో సీసం ఉందో లేదో చూడాలంటే అట్టముక్కలో చదరంగా కన్నం కోసి నేలమీద పెట్టి, ఆ చదరం మేర తడికాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని ల్యాబులో పరీక్ష చెయ్యాలి. ఇంట్లో కనీసం నాలుగు చోట్ల తుడవాలి. దూరంగా ఉన్న ఇంకో ఇంట్లో కూడా తుడవాలి, పోల్చి చూడ్డానికి. ఇదంతా నేనే కొత్తవాళ్ళకి పాఠంలా చెప్పేవాణ్ణి.

ఆ రోజు ఒక ఫ్యాక్టరీలో పొగగొట్టం పని ముగించుకుని అటునుంచి అటే వాళ్ళింటికి వెళ్ళాను. కాళ్ళకి ఉక్కుముక్కు బూట్లు, మోకాలి కిందదాకా తాళ్ళు. అవి విప్పడానికి పది నిమిషాలు, మళ్ళీ కట్టడానికి పది. విప్పకుండా గడప దాటితే బాగోదు. అందుకని గుమ్మం బయటే గొంతుక్కూర్చుని, చెయ్యి లోపలికి చాపి, గడపకి ఆనుకుని ఉన్న నేల తుడిచేశాను. ఒక్కచోట. పాప ఆ గడప మీదే కూర్చుని ఉంది, రోజూ అక్కడేనట. గోటితో ఏదో గీకుతోంది. గడప పచ్చగా, ఎర్రబొట్లతో కళకళలాడుతోంది. శుభ్రమైన ఇల్లాలు అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ఫలితం చూసి ఉలిక్కిపడ్డాను. ఫ్యాక్టరీ గోడ పక్కన కూడా అంత సీసం రాదు. మావాడు నా భుజం మీంచి చూస్తున్నాడు.

"ఎక్కువేటి బావా?"

రెండో ఇల్లు చూడలేదు, మిగతా మూడు చోట్లూ తుడవలేదు. ఆగమని చెప్పాల్సింది. ఒక తెల్లకాగితం మీద అంకె రాసి, దాని పక్కన "ఎక్కువ" అని రాసి ఇచ్చాను. కింద గీత కూడా గీశాను. చదువుకున్నవాడికి ఎవరైనా ఆతృతగా అడిగితే తెలిసినట్టు కనిపించాలనే జబ్బు ఒకటుంటుంది. దానికి పరీక్ష ఇంకా కనిపెట్టలేదు.

ఆ చీటీ వారంలోగా గుంపంతా చదివింది. "విశాఖలో ఒక పెద్ద ల్యాబు నిరూపించింది" అని ఎవరో మొదలుపెట్టారు. పెద్ద ల్యాబు అంటే టైర్ల దుకాణం మీద మేము ముగ్గురం. పుట్టుకతోనే అనే పార్టీ నాయకుడు, ఈ ఊళ్ళోనే బ్యాంకులో పనిచేసే ఒక తండ్రి, ఆ చీటీ చూపించమన్నాడు. చూపిస్తే సంతకం ఏదన్నాడు. టీకాల పార్టీ ఆవిడ సీసమైతేనేం పాదరసమైతేనేం అని దుమ్ము పార్టీతో పొత్తు పెట్టుకుంది. అన్నేళ్ళలో నా రిపోర్టు ఒక్కటి కూడా ఎవరూ అంత శ్రద్ధగా చదవలేదు. నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో కొంచెం బాగానే ఉంది.

మూడోవారం మావాడి భార్య సామాను సర్దేసింది. భీమునిపట్నంలో, అదే భీమిలిలో, ఆమె అన్నగారిల్లుంది. సముద్రం ఒడ్డు, దుమ్ములేని గాలి. పాపని తీసుకుని వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి ద్వారకా నగర్‌కి రోజూ బస్సులో తేవడం కుదరలేదు. రెండుసార్లు ప్రయత్నించారు. హారన్లకి పాప బస్సులో తల బాదుకుంది. ముందు ఈ విషం గాలి నుంచి బయటపడితే చాలు, క్లాసు తరవాత అనుకున్నారు. రెండు నెలల గడువు అప్పుడే మొదలైంది. అది నాకు తెలుసు. అందరికీ తెలుసు.

మావాడు మాత్రం రోజూ భీమిలి నుంచి డ్యూటీకి వచ్చేవాడు.

"గాలి బాగుంది బావా అక్కడ. పాప ఒళ్ళు కూడా సేసినాది. కానీ దా అంటం మానీసినాది."

వాళ్ళు భీమిలి వెళ్ళి సరిగ్గా ఐదు వారాలు గడిచాక, ఒక గురువారం నేను ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"గడప తొక్కకండి, రంగు తడిగా ఉంది."

"పసుపు కాదా?"

"రోజూ పసుపు రాయడానికి నడుం వంగాలి కదా? మన వీధిలో అందరం రంగే వేస్తున్నాం, ఏడాదిదాకా చూడక్కర్లేదు. మీరు ఇన్నాళ్ళూ పసుపనుకున్నారా?"

ఇన్నాళ్ళూ పసుపే అనుకున్నాను. పక్కన చిన్న డబ్బా ఉంది. పసుపుపచ్చ ఎనామెల్ రంగు. ఆ పచ్చదనం చాలా రంగుల్లో దేనివల్ల వచ్చేదో నాకు తెలుసు, బీయస్సీ పిల్లలకి కూడా తెలుసు. సీసం. ఆ రాత్రి మా గడప మీది పాత రంగు పెచ్చు ఒకటి గీకి జేబులో పెట్టుకున్నాను. మాది కొండవైపు ఇల్లు, రేవుకి ఆమడ దూరం. మా గడప పక్కన నేల తుడిస్తే వచ్చిన అంకె మావాడి చీటీ మీది అంకె కంటే పెద్దది.

అదే వారం గుంపు వాళ్ళు ఇల్లంతా మళ్ళీ పరీక్ష చేయించమన్నారని మావాడు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఒక్కణ్ణే వెళ్ళాను. ఈసారి బూట్లు విప్పాను. మంచం కింద, కిటికీలో, వంటగట్టు దగ్గర, బీరువా మీద తుడిచాను. ఊళ్ళో అందరిళ్ళలో ఉన్నంతే ఉంది. గడప మీద మాత్రం చెప్పలేనంత. పాప గోళ్ళ గీతలు వరసగా కనిపిస్తున్నాయి, లోపలి చెక్క బయటపడేదాకా.

పెద్దాయనకి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏవండీ, మీరిచ్చిన చీటీ మీద మన ల్యాబు పేరుందాండి?"

"లేదండి."

"ఆయ్. మరి ఊరుకోండి. ఫ్యాక్టరీలకి పనిచేసేవాళ్ళం మనం. ఇప్పుడు ఫ్యాక్టరీల తప్పేం లేదు, తల్లిదే తప్పు అని మనమంటే జనం ఏమంటారండి? అంతగా చెప్పాలంటే ఇంకోసారి పక్కాగా చూసుకుని చెప్పండి."

చెడ్డ సలహా కాదు. అదే దాంతో వచ్చిన చిక్కు. నేను పక్కాగా చూసుకోవడం మొదలుపెట్టాను. మళ్ళీ తుడిచాను. పక్క వీధిలో రెండిళ్ళు తుడిచాను. మూడోసారి పరీక్ష చేశాను. మొదట ఒక్క తుడుపుతో "ఎక్కువ" అని గీత గీసినవాణ్ణి, ఇప్పుడు పన్నెండు తుడుపులయ్యాక కూడా ఇంకొకటి కావాలన్నాను. రోజూ మావాడితో పాటే నిచ్చెనలెక్కుతున్నాను. ఏమైంది బావా అంటే మిషను రిపేరులో ఉంది అన్నాను. మిషను బంగారంలా పనిచేస్తోంది. నిజానికి నేను అంకెలకి భయపడలేదు. ఆ గడపకి రంగేసిన చేతులు ఎవరివో తెలుసు కాబట్టి భయపడ్డాను. మూడు వారాలు, పైన కొన్ని రోజులు.

ఈలోగా గుంపులో తిట్లు ముదిరాయి. విశాఖ కుటుంబాలన్నిటినీ ఒక ఆదివారం ఉదయం కేంద్రానికి రమ్మంది టీచరమ్మ. మొహాలు చూసుకుంటూ ఎవరూ అంత గట్టిగా అరవలేరని ఆవిడ నమ్మకం. మావాడు నన్నూ రమ్మన్నాడు. "నువ్వే సెప్పు బావా అందరికీ. మామేటి సెప్పినా నమ్మరు."

చిన్న కుర్చీలు. పిల్లల కుర్చీలే. మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా పదిహేను మంది పెద్దవాళ్ళు కూర్చున్నారు. మావాడి భార్య భీమిలి నుంచి పాపతో వచ్చింది. పాప రెండు చెవులూ మూసుకునే ఉంది, బస్సు దిగి గంటైనా. ఇంకోసారి చూసుకుని చెప్పే దారి నాకిక లేదు. కాగితాలు తీసి ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటిసారి ఒక్కచోటే తుడిచానని, అది తప్పని, ఇంట్లో దుమ్ము మామూలుదేనని, సీసం గడప రంగులోదని, మా ఇంటి గడపా అంతేనని.

బ్యాంకాయన తొడ చరిచాడు. "నేను మొదట్నుంచీ చెప్తున్నానా లేదా? దుమ్ము లేదు, గిమ్ము లేదు!"

"ఫ్యాక్టరీల తిండి తినేవాడు ఫ్యాక్టరీల మీద చెప్తాడా?" అంది టీకాల పార్టీ ఆవిడ. "ఎంతిచ్చారో అడగండి."

"అయితే రంగు వల్లే వచ్చిందన్నమాట," అన్నారు వెనక నుంచి ఒకరు. కొత్త పార్టీ అక్కడికక్కడే పుట్టింది. ఆ మనిషే, పాపం చెడ్డ ఉద్దేశంతో కాదు, అడిగేశాడు. "గడపకి రంగేసిందెవరమ్మా?"

"నానే," అంది మావాడి భార్య.

అందరూ ఆమెవైపు తిరిగారు.

"పసుపు రాత్తే పాప నాకేత్తన్నాదని రంగేసినాను. మంచిదనుకున్నాను." ఒక్కొక్కరినీ చూసింది. "అయితే దుమ్ము కాదు. నానన్నమాట."

టీచరమ్మ లేచి ఆమె పక్కన కూర్చుంది. అది కాదమ్మా, సీసం పిల్లలకి మంచిది కాదు, రక్తం పరీక్ష చేయిద్దాం, ఆ గడప తీయించేద్దాం, కానీ పాప ఇలా ఉండటానికి అదే కారణమని ఏ డాక్టరూ చెప్పడు, అని నెమ్మదిగా చెబుతోంది. ఆమె వింటున్నట్టు లేదు. నావైపే చూస్తోంది.

"అన్నియ్యా, ఇది మీకెప్పుడు తెలిసినాది?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం టైముంది. మావాడి మొహం చూశాను.

"మూడు వారాలు దాటింది."

"మిషను రిపేరన్నావు గదా బావా," అన్నాడు మావాడు. కోపంగా కాదు. లెక్క తప్పు వచ్చిందేమో సరిచూసుకుంటున్నట్టు.

టీచరమ్మ తలొంచుకుంది. "మొన్న గురువారంతో రెండు నెలలయిందమ్మా. వరసలో ముందున్నవాళ్ళు ఊరినుంచి వచ్చేసి కూర్చున్నారు. ఆ సీటు వాళ్ళ బాబుకి ఇచ్చేశాను. ఒక్క వారం ముందు మీరు వస్తామని కబురు పెట్టినా..."

ఆవిడ వాక్యం పూర్తి చెయ్యలేదు. అందరూ పూర్తి చేసుకున్నారు.

తరవాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. రక్తం పరీక్షలో సీసం భయపడేంత లేదు, ఉండాల్సిన దానికంటే మాత్రం కొంచెం ఉంది. గడప మావాడే పీకేసి సిమెంటు పోశాడు. పాపకి సీటు మళ్ళీ దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మావాడు ల్యాబు మానలేదు. నన్ను బావ అనడం మాత్రం మానేశాడు, సార్ అనేవాడు. ముప్ఫై ఏళ్ళలో నాకు దక్కిన ప్రమోషన్ అదొక్కటే. గుంపు రెండు ముక్కలైంది, నా కాగితాలు రెండు ముక్కలకీ పనికొచ్చాయి. పాపకి అది ఎందుకొచ్చిందో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. తెలుసునన్నవాళ్ళందరినీ ఆ రోజు ఒకే గదిలో చూశాను.

సమావేశం చెదిరిపోయాక ఆమె పాపనెత్తుకుని మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్ళాను. రాత్రంతా సిద్ధం చేసుకున్న మాటలున్నాయి. మొదటి మలుపు దగ్గర అందుకున్నాను.

"చూడమ్మా, నువ్వు నీ మీద వేసుకోకు. ఇది రంగు వల్లో, దుమ్ము వల్లో, ఇంకోదాని వల్లో నాకు తెలీదు. నాకే కాదు, ఎవరికీ ఇంతవరకూ పూర్తిగా తెలీదు."

ఆమె ఆగింది. పాపని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"ఆ తెలీదన్న ముక్క మొదటి రోజే సీటీ మీద రాయడానికి మీకేటొచ్చినాది అన్నియ్యా?"